ఎడమ చెంప, కుడి చెయ్యి

మరిడమ్మ మొదటిసారి మా వార్డుకి వచ్చినప్పుడు ఆవిడ చెప్పింది నేను నమ్మలేదు. కేసు షీటు మీద "మానసిక సమస్య కావచ్చు" అని ఇంగ్లీషులో రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఆ ప్రశ్నార్థకమే తర్వాత నా పరువు కాస్త నిలబెట్టింది.

అది 1995 మే నెల. నేను కాకినాడ పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్ని. మరిడమ్మది కోటిపల్లి. భర్త సత్తిరాజు గోదావరిలో వల వేసేవాడు. ఆ చేపల్ని తట్టకెత్తుకుని బస్సులో మండపేట తీసుకెళ్ళి మార్కెట్లో అమ్మడం ఆవిడ పని. అక్కడి రైసుమిల్లుల్లో పనిచేసేవాళ్ళందరికీ ఆవిడ గొంతు తెలుసు. ఒక కేక వేస్తే మార్కెట్ రెండో చివర నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగేవారట. అప్పటికి ఆవిడకి యాభై ఇంకా నిండలేదు.

జబ్బు చేసిన రోజు పొద్దున్న పదింటికి, కత్తిపీట ముందు కూర్చుని బొచ్చె చేప తల కొడుతుండగా నేల గిర్రున తిరిగింది. వాంతి అయింది. లేవబోతే ఎవరో ఎడమవైపుకి లాగినట్టు పక్కకి ఒరిగిపోయింది. పక్కనే రొయ్యలమ్మే లోవలక్ష్మి పట్టుకుని కూర్చోబెట్టి సోడా తాగించింది. ఆ సోడా కాస్తా ముక్కులోంచి వచ్చేసింది. "ఏమైందే?" అని లోవలక్ష్మి అడిగితే జవాబు చెప్పబోయింది. గొంతు బొంగురుపోయింది. మార్కెట్టంతా వినబడే ఆ గొంతు లోవలక్ష్మికి కూడా సరిగా వినబడలేదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ వడదెబ్బ అన్నాడు, సూది మందు వేశాడు. రెండు రోజులు ఆగకుండా ఎక్కిళ్ళు. మూడో రోజు కాస్త తేరుకుని స్నానానికి నీళ్ళు పెట్టుకుంది. కాగాయో లేదో చూద్దామని కుడిచెయ్యి ముంచింది. గోరువెచ్చగా కూడా అనిపించలేదు. పొయ్యి సరిగా మండలేదేమో అనుకుంటూ చెంబుతో ముంచి ఎడమచేతి మీద పోసుకుని కెవ్వుమంది. నీళ్ళు బాగా కాగి ఉన్నాయి. చూస్తే కుడిచెయ్యి అప్పటికే ఎర్రగా కందిపోయి ఉంది.

ఇంకొకరైతే ఏడుస్తూ బయటికి పరుగెత్తేవారు. మరిడమ్మ కుండలోంచి చల్లటి నీళ్ళు తెచ్చుకుని, పక్కన ఆ వేడి నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. గుడ్డ ముంచి ఒక్కోచోటా అద్దుకుంటూ చూసుకుంది. కుడిచెయ్యికి వేడీ లేదు, చలవా లేదు. కానీ గుడ్డ తగిలినట్టు మాత్రం తెలుస్తోంది. కుడికాలు కూడా అంతే. ఎడమ చెయ్యి, ఎడమ కాలు బాగానే ఉన్నాయి. ఇక ముఖం దగ్గరకొచ్చేసరికి లెక్క తిరగబడింది. కుడి చెంప బాగుంది, ఎడమ చెంపకి వేడి తెలియడం లేదు. మళ్ళీ మొదట్నుంచీ చూసుకుంది. మళ్ళీ అదే. అద్దం తెచ్చుకుని చూసుకుంటే ఎడమ కంటిరెప్ప కాస్త వాలి ఉంది. అంత ఎండాకాలంలో చెమట ముఖానికి కుడివైపే పట్టింది.

ఈ సంగతి చెప్తే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

"పక్షవాతమైతే ఒక పక్కంతా పోద్ది," అన్నాడు సత్తిరాజు. "మనూళ్ళో ఎంతమందిని చూళ్ళేదు? చెంప ఇటూ చెయ్యి అటూ ఎలా పోద్దే?"

"పోయింది మరి. నేనేం చెయ్యను?"

ఆడపడుచు పాపాయి మాత్రం ఏదో సోకిందని తేల్చేసింది. ముమ్మిడివరం అవతల ఒకాయన నీళ్ళు మంత్రించి ఇస్తాడు, తీసుకెళ్దాం అంది.

"సోకితే మనిషికి సోకాలి గానీ, చెంప ఒక పక్కనా చెయ్యి ఒక పక్కనా ఏరుకుని సోకుద్దేంటి వదినా?" అంది మరిడమ్మ, ఆ బొంగురు గొంతుతోనే. "నన్ను కాకినాడ తీసుకెళ్ళండి. అక్కడ నమ్మకపోతే అప్పుడు చూద్దాం."

కాకినాడలో నమ్మనివాణ్ణి నేను. గుండుసూదితో గుచ్చి చూశాను. ఆవిడ చెప్పినట్టే ఉంది. కానీ మా చదువులో మొదట నేర్పేది, మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే కుడివైపు పోతుందని. ముఖం ఒక పక్క, ఒళ్ళు ఇంకో పక్క అనేసరికి నాకు ఆవిడ మీద అనుమానం వచ్చింది గానీ నా చదువు మీద రాలేదు.

మర్నాడు పొద్దున్న రౌండ్సుకి మా ప్రొఫెసర్ వెంకటదుర్గ గారు వచ్చారు. నా రాత చదివారు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు.

"ఏమైందో నువ్వే చెప్పమ్మా. మొదట్నుంచీ చెప్పు."

మరిడమ్మ చెప్పింది. చల్ల నీళ్ళు, వేడి నీళ్ళు, గుడ్డ, అద్దం, చెమట. వెంకటదుర్గ గారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక రెండు గాజుగొట్టాలు తెప్పించారు. ఒకదాంట్లో వేడి నీళ్ళు, ఒకదాంట్లో చల్లటివి పోయించి, కళ్ళు మూసుకోమని ఒక్కోచోటా ఆనించారు. తర్వాత నోరు తెరిపించి "ఆ" అనమన్నారు. టార్చి వేసి నన్ను పిలిచారు.

"కొండనాలుక ఎటు లాగుతోంది?"

"కుడికండి."

"అంటే ఎడమవైపు పట్టులేదు. ఎడమ కనుపాప చూడు, కుడిదానికంటే చిన్నది. రాజేంద్రా, తనకి ఎక్కడ దెబ్బ తగిలిందో ఈవిడ ఇంట్లో కూర్చుని రెండు గిన్నెల నీళ్ళతో కనిపెట్టేసింది. నువ్వు నమ్మకం లేదని రాశావు."

"ప్రశ్నార్థకం పెట్టానండి," అన్నాను.

"ప్రశ్నార్థకం ఎప్పుడూ పెట్టు. కాకపోతే నీ రాత మీద పెట్టు, ఆవిడ మాట మీద కాదు."

మరిడమ్మ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తోంది. "నేను చెప్పింది నిజమేనాండీ అయితే?" అని అడిగింది.

"నిజమే."

"మరి అలా ఎలా అవుద్దండీ?"

తగ్గుతుందా అని ఆవిడ అప్పటికింకా అడగలేదు. ముందు అడిగింది ఇదే. నాకది బాగా గుర్తు.

వెంకటదుర్గ గారు నా కేసు షీటు వెనక్కి తిప్పి బొమ్మ వేశారు. పైన మెదడు. దాని కింద, మెడ దగ్గర వెన్నుపాములోకి దిగే ఒక కాడ. బొటనవేలంత లావు. నిడివి కూడా ఇంచుమించు అంతే. "ఒంట్లోంచి మెదడుకి వెళ్ళే కబురైనా, మెదడు నుంచి ఒంటికి వచ్చే హుకుమైనా ఈ కాడలోంచే పోవాలి. చెయ్యి కాలిందన్న కబురు వెన్నుపాములో చేరగానే అవతలి పక్కకి దాటేసి, అప్పుడు పైకెక్కుతుంది. చెంప కాలిందన్న కబురు అలా కాదు. ముందు తన పక్కనే కిందికి దిగి, తర్వాత దాటుతుంది. కాడ అడుగుభాగంలో ఎడమవైపున ఒకచోట, దాటొచ్చిన కుడిచేతి కబురూ ఇంకా దాటని ఎడమ చెంప కబురూ పక్కపక్కనే ఉంటాయి. సరిగ్గా అక్కడికి నెత్తురు అందడం ఆగిపోయింది."

మరిడమ్మ బొమ్మ వంక కాసేపు చూసింది.

"అవతల ముక్తేశ్వరం నుంచి పడవలో దాటొచ్చినోళ్ళూ, ఇటు పడవెక్కాల్సినోళ్ళూ మా కోటిపల్లి రేవులో ఒకేచోట నిలబడతారండి. ఆ రేవు కూలితే ఇద్దరూ పడతారు. అంతేనాండీ?"

వెంకటదుర్గ గారు బొమ్మ వేస్తున్న పెన్ను ఆపారు. "అంతే," అన్నారు. ఆ ఏడాది నుంచి క్లాసులో ఆ పాఠం ఆవిడ రేవుతోనే చెప్పేవారు.

సీటీ స్కాన్ తీయిస్తే అందులో ఏమీ కనబడలేదు. ఆ కాడ చుట్టూ ఉన్న ఎముక నీడలు పడి, అంత చిన్న చోటు ఆ మిషన్లో సరిగా తేలదు. "ఫొటోలో లేదంట కదా," అన్నాడు సత్తిరాజు నిరాశగా. "ఫొటోలో లేకపోతే ఏం, నాలో ఉందిగా," అంది మరిడమ్మ.

మూడు వారాలు ముక్కులో గొట్టంతోనే జావ పోశాం. మింగడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. గడ్డం కిందికి వంచి, తల ఎడమకి తిప్పి, చెంచా చెంచాగా గంజి. పొలమారితే ఆగడం, మళ్ళీ మొదలెట్టడం. గొట్టం తీసిన రోజు సత్తిరాజు హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చాడు. ఒక ఇడ్లీ తినడానికి ముప్పావుగంట పట్టింది. బీపీ మాత్రలు, నెత్తురు గడ్డకట్టకుండా ఒక మాత్ర రాసిచ్చి పంపాం. నడక కుదుటపడింది, మింగడం వచ్చింది. గొంతు మాత్రం పాతది రాలేదు. కుడిచేతికి వేడీ రాలేదు.

దసరా దాటాక మళ్ళీ మండపేట వెళ్ళింది. కేక వేసే గొంతు లేదు కాబట్టి సత్తుపళ్ళెం మీద గరిటెతో కొట్టడం మొదలెట్టింది. ఆ చప్పుడుకీ జనం అలవాటుపడ్డారు.

ఆ మరుసటి మార్చిలో వెంకటదుర్గ గారు ఆవిడకి కార్డు రాయించారు. మెడిసిన్ పరీక్షల్లో విద్యార్థుల ముందు నిజమైన రోగుల్ని కూర్చోబెడతారు. రోగిని పరీక్ష చేసి జబ్బు ఎక్కడుందో విద్యార్థి చెప్పాలి. "నీలాంటి కేసు పుస్తకంలో ఉంటుంది గానీ మనిషిగా దొరకదు, వస్తావా?" అని రాయించారు. మరిడమ్మ రెండు రోజులు ముందే దిగిపోయింది.

అలా ఏడాదికి రెండుసార్లు చొప్పున వస్తూ ఉండేది. నేను పీజీ చేరి అక్కడే ఉన్నాను కాబట్టి ప్రతిసారీ చూశాను. పరీక్షకి ముందు వార్డులో పిల్లలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని వినేది. కాడలోంచి బయల్దేరే నరాలు వాళ్ళు వల్లె వేస్తుంటే ఆవిడకీ వచ్చేశాయి. పేర్లు నోరు తిరగక అంకెలే పట్టుకుంది. ఒకటి వాసన, రెండు చూపు. ఈ రెండూ కాడలోవి కావు, పైనుంచే వస్తాయి. మూడు, నాలుగు, ఆరు కన్ను తిప్పడానికి. అయిదు ముఖానికి స్పర్శ, నమలడం. ఏడు నవ్వూ ఏడుపూ. ఎనిమిది చెవి, తూలకుండా నిలబడడం. తొమ్మిదీ పదీ గొంతు. పదకొండు మెడా భుజమూ. పన్నెండు నాలుక. "నాకు పోయినవి అయిదులో సగం, ఎనిమిదిలో కొంచెం, తొమ్మిదీ పదీనండి. పన్నెండోది ఉంది కాబట్టి మీతో ఇలా వాగుతున్నాను," అనేది.

ఒకసారి నన్ను అడిగింది: "చేపకి ఎన్నుంటాయండీ?"

బొచ్చె తల రెండుగా చీల్చినప్పుడల్లా లోపల చూస్తోందట. వేలిగోరంత మెదడు, వెనక సన్నటి కాడ, అటూ ఇటూ తెల్లటి పోగులు. లెక్కపెట్టబోతే తెగిపోతున్నాయట. నాకు తెలీదన్నాను. తెలుసుకుని చెప్పమంది. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే మా బావని అడిగితే, చేపలకి పది జతలే అని లెక్క అన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు చెప్పాను.

"ఏ రెండు తగ్గాయండీ?"

"పదకొండూ పన్నెండూ."

మరిడమ్మ తన మెడ తడుముకుంది. తర్వాత ముఖం విప్పారింది. "అవును మరి! చేపకి మెడేదండీ? నాలిక ఆడించేదెక్కడ?" అంది. నేను ఆరేళ్ళు చదివి, బావని అడిగి వచ్చి కూడా ఆ ముక్క ఆలోచించలేదు.

2000లో ఒక పరీక్ష జరిగింది. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు కోపిష్టి అని పేరు. మరిడమ్మ ముందు కూర్చున్న కుర్రాడు గణేష్‌బాబు. ముఖం బాగానే చూశాడు, గొంతు చూశాడు. టైమైపోతోందన్న కంగారులో ఒళ్ళు పూర్తిగా చూడకుండా "ఎడమ చేతికి స్పర్శ తగ్గింది" అని రాసేసుకున్నాడు. రాస్తూ పైకి గొణుక్కున్నాడు కూడా.

"ఆ చెయ్యి మీరు అడగలేదు బాబూ," అంది మరిడమ్మ.

పరీక్షకుడు సరిగ్గా అప్పుడే పక్క మంచం దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. "ఏం చెప్తున్నావు అతనికి? జబ్బు పేరు చెప్పేస్తున్నావా?"

గణేష్‌బాబు పెన్ను కింద పెట్టేశాడు. మరిడమ్మ లేచి నిలబడింది.

"జబ్బేంటో చెప్పలేదండి. అది ఆయనే కనుక్కోవాలి. అడగలేదని చెప్పానండి. అడక్కుండా రాసేస్తే నా ఒళ్ళు అబద్ధమైపోద్ది కదండీ. అయిదేళ్ళ కిందట ఒకసారి అలాగే అయిపోయిందండి," అని నా వంక చూడకుండా అంది.

ఆయన ఆవిడని ఎగాదిగా చూశాడు. "నీ జబ్బు ఎక్కడుందో నీకు తెలుసా?"

"ఆయ్, తెలుసండి."

"అతను చెప్పాక నువ్వు చెప్పు," అని, గణేష్‌బాబుకి మళ్ళీ మొదట్నుంచీ చూసుకోమని పది నిమిషాలు ఇచ్చాడు. ఈసారి ఆ కుర్రాడు కుడిచెయ్యి చూశాడు, ఆగాడు, మళ్ళీ చూశాడు. తన కళ్ళని తనే నమ్మలేనట్టు ఎడమ చెంప మళ్ళీ చూశాడు. తడుముకోకుండా సరైన జవాబు చెప్పాడు. తర్వాత మరిడమ్మ తన మాటల్లో చెప్పింది. పరీక్షకుడు అంతా విని, వెళ్తూ వెళ్తూ ఆవిడకి నమస్కారం పెట్టాడు.

ఆ రోజు సాయంత్రం వెంకటదుర్గ గారు, "నీకేం కావాలి మరిడమ్మా, ఇన్నేళ్ళుగా వస్తున్నావు," అని అడిగారు.

"ఆ కాడ చూడాలండి. బొమ్మ కాదు. నిజందే."

అనాటమీ మ్యూజియంకి తీసుకెళ్ళాం. అక్కడ అటెండరు అప్పారావు పెద్ద సీసా ఒకటి దింపి బల్ల మీద పెట్టాడు. మందునీళ్ళలో మెదడు సగభాగం, కింద కాడ, కాడకి రెండువైపులా దారప్పోగుల్లాంటి నరాలు. మరిడమ్మ సీసా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఎవరిదండీ ఇది?"

అప్పారావు తడబడ్డాడు. పాతికేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఎవరూ లేని మనిషిదమ్మా. పేరు తెలీదు," అన్నాడు.

మరిడమ్మ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. అప్పుడు వంగి చూసింది. వెంకటదుర్గ గారు పెన్సిలు మొనతో గాజు మీద ఒకచోట చూపించారు. బియ్యపుగింజ పట్టేంత చోటు.

"ఇంతేనాండీ? ఇంతలోనే నా గొంతూ, రెప్పా, చెంపా, చెయ్యీ, చెమటా అన్నీనా?" అంది. మళ్ళీ వంగి చూసి, "ఇంత ఇరుకులో ఇన్ని పెట్టుకుని, మనం రోజూ తట్టలు నెత్తిన మోస్తాం చూడండి," అంది. సీసా దగ్గర్నుంచి ఆవిణ్ణి కదిలించడానికి మాకు అరగంట పట్టింది.

2003లో ఒకరోజు మండపేట మార్కెట్లో లోవలక్ష్మి మూతి వంకర పోయింది. పొద్దున్న పుక్కిలిస్తే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోయాయి. పక్షవాతం అన్నారంతా. పావురం నెత్తురు పుయ్యాలని ఒకరు, ఫలానా ఊరి పసరు తాగించాలని ఒకరు. లోవలక్ష్మి ఏడుస్తోంది. ఆ ఏడుపూ ముఖంలో ఒక పక్కే కనబడుతోంది.

మరిడమ్మ కత్తిపీట పక్కకి నెట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "నా వంక చూడు. రెండు చేతులూ ఎత్తు. ఊఁ. దించు. కాళ్ళు ఆడించు. ఊఁ. ఇప్పుడు నుదురు ముడతలెయ్యి."

నుదురు సగమే ముడతపడింది. కుడివైపు నున్నగా ఉండిపోయింది. కుడి కన్ను మూతపడటం లేదు.

"ఇది ఏడోదే," అంది మరిడమ్మ. "పైన మెదడులో దెబ్బైతే నుదురు రెండువైపులా ముడత పడుద్ది. నుదురు కూడా పోయిందంటే నరం దగ్గరే తేడా. నాకు తెలిసింది ఇంతే. నా మాట నమ్ముకుని ఊరుకోకు, ఇప్పుడే కాకినాడ పోదాం పద. ఆ కంట్లో దుమ్ము పడకుండా తడిగుడ్డ కప్పుకో."

ఆ మధ్యాహ్నానికే ఆసుపత్రిలో నా గదిలోకి తీసుకొచ్చేసింది. ఆవిడ చెప్పింది సరిగ్గానే ఉంది. మొదటి రోజే రావడం వల్ల మందు బాగా పనిచేసింది. ఆరు వారాలకి లోవలక్ష్మి మామూలుగా నవ్వింది.

అక్కడితో మార్కెట్లో మరిడమ్మకి కొత్త తలనొప్పి మొదలైంది. మోకాళ్ళ నొప్పులూ కడుపునొప్పులూ అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. "నాకు ఒక్క కాడే తెలుసు తల్లీ. మిగతాదంతా మీలాగే," అని పంపించేసేది.

ఊళ్ళోకి ఎమ్మారై మిషను వచ్చాక ఒకసారి ఆవిడకి తీయించాం. పదేళ్ళ కిందట వెంకటదుర్గ గారు బొమ్మ వేసి చుక్కపెట్టిన చోటే చిన్న మచ్చ తేలింది. నేను గొప్పగా చూపించాను. మరిడమ్మ దాన్ని చూసి తలూపింది అంతే. ఆవిడకి అది కొత్త సంగతి కాదు.

2007 జనవరిలో పనిమీద రామచంద్రపురం వెళ్ళి, అట్నుంచి కోటిపల్లి వెళ్ళాను. సత్తిరాజు వల బాగుచేసుకుంటున్నాడు. మరిడమ్మ కొర్రమీను పులుసు పెట్టింది. పొయ్యి మీది గిన్నె ఎడమచేత్తో దించడం గమనించాను. భోజనాలయ్యాక, చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్నది అడిగేశాను. చనిపోయాక దేహం కాలేజీకి ఇచ్చేవాళ్ళున్నారు, ఆవిడది ఇస్తే ఎందరో విద్యార్థులకి ఉపయోగమని. ఆవిడకి ఉన్న ఆసక్తి చూసి, ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

మరిడమ్మ నవ్వేసింది. "వద్దండి. మాకు మా గోదారి ఉంది. అయినా సీసాలో పెడితే నేనేం చెప్పగలనండీ? మీ సీసాలో ఆ మనిషి పాపం పేరు కూడా చెప్పలేకపోతున్నాడు. నన్ను చూసుకోవాలంటే బతికుండగానే రమ్మనండి మీ పిల్లల్ని. ఏదడిగినా చెప్తాను."

"మార్చిలో పరీక్షలున్నాయి," అన్నాను.

"తారీఖు రాసివ్వండి," అని సత్తిరాజు చేత కేలెండరు తెప్పించింది.